గరికపాడంత దూరం

వియన్నా నుంచి బ్రాటిస్లావా ఎనభై కిలోమీటర్లట.
ఓస్, ఇంతేనా అంది సువార్త,
మనకి గరికపాడంత దూరం.

చీటీ డబ్బు చేతికొచ్చి పదకొండు రోజులు.
పటమట సందులో, హైమా డ్రైవింగ్ స్కూలు వెనక గదిలో
ఒంటినిండా మాడిన క్లచ్ వాసనతో
ఐరోపాని బల్ల మీద పరిచాం.
పటం కాదది, పోయినేటి క్యాలెండరు వెనకవైపు.
నవంబరు తారీఖులు ఇవతలికి కనబడుతున్నాయి.

క్యారియర్ గిన్నె బెంజి సర్కిల్.
అగ్గిపెట్టె మా కారు.
మనం రోజూ చేసేది ప్రదక్షిణం,
అక్కడ అప్రదక్షిణం, అన్నాను.
నాకేం పట్టింపు లేదులే, అంది,
చర్చిలో ఎటు తిరిగినా ఒకటే.

నవ్వాం గానీ భయమే.
ఇరవై రెండేళ్లు ఎడమకి, ఎడమకి అని అరిచిన నోళ్లు.
ఎంతమంది కోడళ్లకి, టీచరమ్మలకి,
ఎస్సైగారి భార్యకి ఒకామెకి.
ఆర్టీఓ ఆఫీసులో గుమస్తా
అంతర్జాతీయ పర్మిట్ కాగితాలు అటూ ఇటూ తిప్పి
మీరే నడుపుతారా మేడం, అన్నాడు.
నీకు రివర్స్ నేర్పింది ఎవర్రా,
అనబోయి సంతకం పెట్టాను.

కారు అద్దెకిచ్చేవాడి ఫారంలో
తొమ్మిదో ప్రశ్న:
సరిహద్దు దాటుతారా?
దాటితే ముందే చెప్పాలి, విడిగా కట్టాలి.

అక్కడ ఆగింది సువార్త పెన్ను.

ఆ ఏప్రిల్.
దేశమంతా తలుపులేసుకున్న ఏప్రిల్.
చెల్లెలి పురుడుకని కోదాడ వెళ్లి అక్కడే ఇరుక్కుంది.
ఇటు గుణదలలో వాళ్లాయన ఏసోబు
ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు.
నేను మా నేర్పే కారు వేసుకుని వెళ్లాను,
రెండు బ్రేకుల కారు.
గరికపాడు దగ్గర డ్రమ్ములు, వాటి మీద వెదురు బొంగు.
అటు తను, చంకలో సంచి.
ఇటు నేను.
మధ్య పదిహేను అడుగులు.
ఏ గేరులో దాటాలి పదిహేను అడుగుల్ని?
పాసు లేదన్న కానిస్టేబులు మంచివాడే,
నీళ్ల సీసా మాత్రం అటునుంచిటు అందించాడు.

తెల్లారాక వదిలారు.
నందిగామ దాటేసరికి ముల్లు తొంభై దాటింది.
ఎవరినైనా అరిచేదాన్ని,
ఆ పూట అరిచేవాళ్లు లేరు.
పక్క సీట్లో తన కాలి కింద ఇంకో బ్రేకుంది.
తాకలేదు.
గొల్లపూడిలో ఫోన్ మోగింది.
అప్పుడు తొక్కింది.

పెన్ను కదిలింది.
అవును, అని రాసింది. అక్షరాలు లావుగా.

పెద్ద రోడ్డు వద్దే హైమా, అంది.
దానికి అద్దానికి స్టిక్కరు కొనాలి, పైగా ఆగనివ్వరు.
డాన్యూబ్ ఒడ్డున చిన్న రోడ్డుందట,
హైన్‌బుర్గ్, ఆ తర్వాత బెర్గ్ అని పల్లె,
తర్వాత ఒక నీలం బోర్డు.
ఒక్కోరోజు ఆపి చూస్తారట,
ఒక్కోరోజు ఎవరూ ఉండరట.

దిగి ఏం చేస్తాం అక్కడ?

ఏముంది. అటు పదిహేను అడుగులు,
ఇటు పదిహేను.
మళ్లీ అటు.

క్యాలెండరు మడిచేశాం.
కందిపొడి అర కిలో, ఉన్ని సాక్సులు,
వేలిముద్రలకి హైదరాబాదు ప్రయాణం,
అంటే మళ్లీ గరికపాడు మీదుగానే.
ఆ మాట ఇద్దరం పైకి అనలేదు.

చివరికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు పక్కపక్కన వేశాం,
స్టీరింగు ఎడమవైపు కాబట్టి నేను ఎడమ కుర్చీలో.
వియన్నా దాటాం, హైన్‌బుర్గ్ దాటాం.
అద్దె కారుకి ఒకటే బ్రేకు, గుర్తుంచుకో, అన్నాను.
తెలుసు, అంది సువార్త.

బెర్గ్ వచ్చింది అన్నాను.

గచ్చు మీద తన కుడికాలు
గట్టిగా
నొక్కింది.